పుట్టగొడుగోళ్ళ ఇంట్లో నా రిసీవరు

ఎంపులుంగు రేవు,
ఫిబ్రవరి 1999.

నా బంగారు తల్లి చొంబాకి, నాన్న అన్సెలిమో లొంబె ఆనందం పట్టలేక రాస్తున్నది.

అందిందే అమ్మా, నీ ఉత్తరం అందింది! చేపల బస్సు డ్రైవరు ఊళ్ళోకి రాకముందే హారన్ మొదలుపెట్టాడు. "ఓ పెద్దాయనా! లువాన్షా నుంచి నీ కూతురు రాసింది, పరుగెత్తు!" అని కిటికీలోంచి కేక. నేను గోదాములో ఎండు చేపలు తూస్తున్నాను. తక్కెడ అలాగే వదిలేసి పోయాను. ఆ చేపలు ఎవరివో, ఎంత తూగాయో ఇప్పటికీ తెలీదు. చేపలామె తిట్టిన తిట్లు కూడా ఆ పూట నాకు తియ్యగానే ఉన్నాయి.

"నాన్నా, కాలేజీ అయిపోయింది, రేడియోలు టీవీలు బాగుచేసే షాపులో చేరాను. నా చేత్తో చేసే మొదటి సొంత పని మీ పాత రేడియో రిసీవరు కావాలి. బాగుచేసి మీకే పంపుతాను. కొన్నప్పుడు అదెలా ఉండేదో రాయండి" అన్నావు. నాది నాలుగో తరగతి చదువు, అయినా ఈ ముక్కలు ఇప్పుడు నాకు నోటికొచ్చు. గోదాములో అందరికీ చదివి వినిపించాను. మళ్ళీ విప్పబోతే "విన్నాం బాబూ, నీకు కూతురుంది, ఒప్పుకున్నాం, మడిచి జేబులో పెట్టుకో" అన్నారు.

ఎలా ఉండేదా? చెప్తాను విను. అక్కడ లువాన్షా రాగి గనిలో నాకు బోనస్ వచ్చిన ఏడాది, మీ అమ్మ మొదెస్తా, నేనూ పెద్ద బజారుకి వెళ్ళాం. షాపులో వరసగా బోలెడు రేడియోలు. అది మాత్రం వేరు. వెండి మొహం, చుట్టూ ముదురు రంగు కర్ర పెట్టె. జపాన్‌ది. షాపువాడు స్విచ్ వేస్తే అద్దం వెనక నీలం వెలుగు. నాబు తిప్పితే ముల్లు జారుకుంటూ పోయి కాంగో స్టేషను మీద ఆగింది. గిటారు మొదలైంది. మీ అమ్మ షాపులోనే నడుం తిప్పింది! "సిగ్గు లేదుటే" అన్నాను. "సిగ్గుంటే నిన్ను చేసుకునేదాన్నా" అంది. షాపువాడు నవ్వలేక చచ్చాడు. సైకిలుకి కట్టి ఇంటికి తెచ్చాం. మీ అమ్మ పైన కట్టుకున్న గుడ్డ విప్పి దానికి చుట్టి, బాలింత బిడ్డని పట్టుకున్నట్టు వెనకాల పట్టుకుని నడిచింది.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. మీ అమ్మ పోయేసరికి నీకు మూడేళ్ళు. పెద్దలు కూర్చున్నారు. మనలో బిడ్డ తల్లి వంశానిది కదా. మీ అమ్మ పుట్టగొడుగు వంశం, నువ్వూ పుట్టగొడుగువే, నేను వాన వంశం వాణ్ణి. నిన్ను తీసుకెళ్ళి నీ మేనమామ కపుంగ్వె చేతుల్లో పెట్టారు. రిసీవరులో పాట వినందే నువ్వు నిద్రపోయేదానివి కాదు, అందుకని అది కూడా నీ వెంటే పోయింది. ఎవరి తప్పూ లేదు, మన పద్ధతే అంత. నేను పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాను. ఏటేటా చేపల మూట నెత్తిన పెట్టుకుని వచ్చి నిన్ను చూసి పోయాను.

ఒక్క మాట అడుగుతాను తల్లీ. ఇన్నేళ్ళు దాన్ని మీ మామ ఎలా చూసుకున్నాడు? గీతలు పడి ఉంటుందిలే. టీ గ్లాసులు పెట్టి ఉంటాడు. ఫరవాలేదు, ఉన్నదున్నట్టు రాయి. నేనేం బాధపడను.

నిన్ను కన్నందుకు ఇవాళ రేవంతా చాటింపు వేసిన,
మీ నాన్న.


లువాన్షా,
మార్చి.

నాన్నా,

చేపల సంచి అందింది. ఉత్తరం కూడా ఆ వాసనే వేస్తోంది, మామ ఇంటి బయట నిలబడి చదవమన్నాడు.

మీరడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. గీత ఒక్కటి లేదు. మా షాపు యజమాని చూసి "ఇది నిన్న కొన్నదా?" అన్నాడు. ఇంట్లో దానికొక గుడ్డ ముసుగు ఉంది. దాని మీద గ్లాసు పెట్టే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే, చొక్కా కూడా మార్చుకోకుండా మామ దాని కర్రకి నూనె రుద్దుతాడు.

లోపల సంగతి. పెద్ద కెపాసిటర్లు రెండూ ఎండిపోయాయి, అందుకే పాట వెనక గుయ్‌మని మోత. వాల్యూమ్ తిప్పితే గరగర. డయల్ బల్బులు మాడిపోయాయి. ఇవి మార్చక తప్పదు.

మిగతావి మీరే తేల్చాలి. ట్రాన్స్‌ఫార్మర్ కంపెనీది కాదు. నేను స్కూల్లో ఉండగా ఒకసారి కరెంటు ఎక్కువై కాలిపోయింది. మామ దాన్ని విప్పి, రాగి తీగ తెచ్చి, వరండాలో కూర్చుని చేత్తో చుట్టాడు. తీగ కండె పట్టుకున్నది నేనే. స్టేషన్లు తిప్పే నాబు కూడా కంపెనీది కాదు. అసలుది నేను చిన్నప్పుడు ఊడబీకి దొడ్లో గుంటలో వేశానట. మామ గని వర్క్‌షాపులో లేత్ మీద రాగితో ఒకటి చేయించుకొచ్చాడు. పైన కర్ర మీద కొవ్వొత్తి కాలిన మచ్చ ఒకటుంది. కరెంటు పోయినప్పుడు అమ్మ పెట్టిందట. మామ దాని చుట్టూ నూనె రుద్దుతాడు గాని దాన్ని మాత్రం ముట్టుకోడు.

ఎండోలాలో ఇదే మోడల్ చచ్చిన సెట్టు ఒకటి దొరికింది. దాని ట్రాన్స్‌ఫార్మర్, నాబు రెండూ బాగున్నాయి, అసలువి. వాటిని పెడితే మీరు షాపులో చూసినట్టే అవుతుంది. లేదా చచ్చినవి మాత్రం మార్చి, మిగతాది ఉన్నట్టే ఉంచుతాను. ఎంతవరకు చెయ్యమంటారు?

మామని అడిగాను. "సెట్టు వానోళ్ళది. వాళ్ళనే అడుగు" అని గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బయట ఎండ కాస్తోంది.

మీ చొంబా.


ఎంపులుంగు,
మార్చి చివర.

తల్లీ చొంబా,

నూనె రుద్దుతాడా! ప్రతి ఆదివారమా! చర్చి చొక్కాతోనా! ఎవరికోసమట ఆ సోకంతా?

ఇక్కడ నేను ఆదివారాలు ఏం రుద్దుకున్నాను? చేపల గంపలు రుద్దుకున్నాను. పొలుసు గోళ్ళలో ఇరుక్కుంటే రాదు. అక్కడ నీ పక్కన కూర్చుని వాడు నా పాటలు విన్నాడు, నా కర్రని నిమిరాడు, నా కూతురి చేత తీగ కండె పట్టించుకున్నాడు. సెట్టు పాడుచేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. బాగా చూసుకున్నాడే! వాణ్ణి ఏమని తిట్టను?

నాకు తెలిసింది తిడతాను. మీ మామకి చదివి వినిపించు. వానకీ పుట్టగొడుక్కీ వేళాకోళంగా తిట్టుకునే హక్కు తాతల నాడే రాసిపెట్టి ఉంది. కోపం తెచ్చుకున్నవాడు జరిమానాగా కోడి పెట్టాలి, అడిగింది కాదన్నవాడు రెండు పెట్టాలి. విను కపుంగ్వె! వాన పడకపోతే భూమిలోంచి తల బయటపెట్టే మొహమేనా నీది? చెత్తకుప్ప మీద పుట్టి గొడుగు వేసుకు తిరిగేవాడా! జపాన్ వాళ్ళ వెండి మొహానికి రాగి ముక్కు అతికించడానికి సిగ్గెయ్యలేదూ? ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది నువ్వా, తేనెటీగలా? నా సెట్టులోంచి పుట్టగొడుగు వాసన పోవాలి. నీది ఏదీ అందులో ఉండటానికి వీల్లేదు. తియ్! వాన అడుగుతోంది, కాదనకు!

అమ్మా, ఇంతవరకు వాడికి. ఇక్కడి నుంచి నీకే, పైకి చదవకు. ఎండోలా సామాను పెట్టు. షాపులో ఎలా ఉందో అలా చెయ్యి. కొవ్వొత్తి మచ్చ ఒక్కటి ఉంచు, అది నాదీ మొదెస్తాదీ. నీలో మీ మామకి వాటా ఉంది, అది నేను కాదనలేను, అంటే పెద్దలు నవ్వుతారు. నీకు అక్షరాలు దిద్దించాడు, జ్వరమొస్తే మోసుకెళ్ళాడు. కనీసం ఆ పెట్టెలోనైనా నేనొక్కణ్ణే ఉండాలి. అది తప్ప ఈ ముసలాడు ఏమడిగాడు నిన్ను?

నాన్న.


లువాన్షా,
ఏప్రిల్.

నాన్నా,

చదివి వినిపించాను, మీరు పైకి చదవమన్నంత వరకే. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. "తేనెటీగలా" అన్న చోట పొయ్యి మీద నిషిమా ముద్ద తిప్పుతున్న అత్తయ్య తెడ్డు కింద పడేసింది నవ్వలేక. అందరికంటే పెద్దగా నవ్వింది మామే.

"మీ నాన్నకి రాయి" అన్నాడు. "ఓ వానా, రేకుల మీద టపటప తప్ప నీ వల్ల ఏముంది? కురిసి పోయేవాడివి నువ్వు, మొలిచి ఉండేవాళ్ళం మేము. ఏటికోసారి చేపలతో వచ్చి తుమ్మి పోయేవాడికి రిసీవరెందుకు, జలుబు మందు పంపిస్తాను."

"కాదన్నట్టేనా మామా? రెండు కోళ్ళు!" అన్నారు పక్కింటివాళ్ళు.

"ఎవరు కాదన్నారు? వాన అడిగింది, ఇస్తున్నా" అని లేచాడు. నా స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. అందరం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. పెట్టె విప్పాడు. రాగి నాబు ఊడదీశాడు. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు ఒక్కొక్కటే విడదీసి బయటికి తీశాడు. రెండూ తన అన్నం డబ్బాలో పెట్టి మంచం కిందికి తోశాడు. "పైన నూనె కూడా నాదే, గీకెయ్యనా?" అని గరుకు కాగితం తెచ్చాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నవ్వాడు. "మచ్చ తనదీ మొదెస్తాదీ అంటాడేమో మీ నాన్న. నీ భార్య కాకముందు మొదెస్తా నాకు అక్క అని చెప్పు" అన్నాడు. మీరు మచ్చ గురించి రాసింది నేను చదవనేలేదు. మరి ఎలా తెలిసిందో.

ఇప్పుడు సెట్టు మూగది. ఎండోలా సామాను నా బల్ల మీద ఉంది, మీరు ఊఁ అంటే అతికిస్తాను. ఒకటే అనుమానం. మామ చేసినవన్నీ పీకెయ్యమన్నారు కదా, ఈ పని మీద నాకు మనసు పుట్టించింది కూడా ఆయనే, ఆ వరండాలోనే. దాన్ని ఏ స్క్రూడ్రైవర్‌తో తియ్యమంటారు? తమాషాకే అడుగుతున్నాను.

ఇంకోటి కూడా. ఆ రోజు నుంచి మామ ముందు గదిలో కూర్చోవడం లేదు. అన్నానికి పిలిస్తే కడుపులో బాగాలేదంటాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, పడుకున్నాడు. వంశాల వేళాకోళంలో ఇది కూడా ఉంటుందా? పెద్దవాళ్ళు, మీకే తెలియాలి.

చొంబా.


ఎంపులుంగు,
ఏప్రిల్.

తల్లీ,

నీ ఉత్తరం గోదాములో పైకి చదివాను. "అన్నం డబ్బాలో పెట్టి" దగ్గర బల్ల గుద్ది మరీ నవ్వాను. గెలిచాననుకున్నాను! వాడి ముక్కు ఊడింది, వాడి తీగచుట్ట ఊడింది, పెట్టెలో ఇక నేనే. గోదాము వాళ్ళు చప్పట్లు కొట్టారు.

చివర్లో ఆ ముక్క వచ్చింది. "కడుపులో బాగాలేదంటాడు." మిగతాది లోపల చదువుకున్నాను.

ఆ కడుపునొప్పి నాకు తెలుసే అమ్మా. నువ్వు స్కూల్లో బహుమతి తీసుకున్న ఫోటో పంపావు చూడు, నీ భుజం మీద మీ మామ చెయ్యి ఉంది. అది మేకు కొట్టి గోడకి తగిలించుకున్నాను. ఆ వారమంతా నాకూ కడుపులో బాగాలేదు. "చేపలు పడలేదు" అని చెప్పాను అందరికీ.

వాడిది వేళాకోళం కాదు. నాది మాత్రం వేళాకోళమా? నేను నిజంగా మండిపోయి తిట్టి, పైన వానా పుట్టగొడుగూ అని పేరు పెట్టి పంపాను. మీరందరూ నవ్వారు. వాడు మాత్రం కింద ఉన్నదే విన్నాడు. విని ఏం చేస్తాడు? కోప్పడితే కోడి పెట్టాలి, ఊరు నవ్వుతుంది. అందుకని నవ్వుతూనే తన పేగులు తానే తీసి డబ్బాలో పెట్టుకున్నాడు. నువ్వు సెట్టు నాకిస్తానన్న రోజే వాడికి నొప్పి మొదలైంది. ఎండలో గొడుగేసుకు పోయిందెవరు మరి?

వాడికి ఈర్ష్య! నా మీద! ఒక్కదానివే కూర్చుని ఆలోచించు. ఇరవై ఏళ్ళు నిన్ను పెంచినవాడికి, ఏటికో చేపల మూట తెచ్చే నా మీద ఈర్ష్య! నిజం చెప్పనా, అది తెలిసి నాకు ముందు సంతోషమే వేసింది. చాలా సంతోషం వేసింది. ఆ తర్వాత భోజనం సయించలేదు.

సరే, అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఎంతవరకు చెయ్యాలో. చచ్చిపోయినవి మార్చు. కెపాసిటర్లు, బల్బులు. గరగర తుడువు. అంతే. ఎండోలా సామాను ఎండోలాకి పంపెయ్. కరెంటు దెబ్బ తిన్నాక దాన్ని బతికించిన తీగ తీసి, ఇంకెవరిదో చచ్చిన సెట్టులోని తీగ పెడితే నాకొచ్చేది షాపులో ఉన్నది కాదు, ఇంకెవరిదో. మీ అమ్మ తిప్పిన నాబు దొడ్డి గుంటలో పడేసిన దొంగవి నువ్వే కదా, వాణ్ణేమనను.

ఇవన్నీ వాడికి చెప్పకు. మెత్తబడ్డాననుకుంటాడు, నేనింకా మండుతూనే ఉన్నాను. ఇలా చదువు: "కపుంగ్వె! తీసినవాడే పెట్టాలి. నీ చేత్తో పెట్టు. పెట్టి, నీ ఒళ్ళో పెట్టుకుని ఎంపులుంగు దాకా మోసుకురా. బస్సు పైన వేస్తే ఒప్పుకోను. వాన అడుగుతోంది, కాదన్నావో రెండు కోళ్ళు." అది గట్టిగా చదువు, పక్కింటివాళ్ళని పిలిచి మరీ.

నాన్న.


లువాన్షా,
మే.

నాన్నా,

గట్టిగానే చదివాను. పక్కింటాయన "కోళ్ళు పట్టుకురానా?" అంటే, "ఉండవయ్యా" అన్నాడు మామ. లేచి మంచం కింద నుంచి డబ్బా తీసుకొచ్చాడు.

తీగలు తనే అతికించాడు, నేను లైటు పట్టుకున్నాను. కెపాసిటర్లు నేను పెట్టాను. బల్బులు నేను పెట్టాను. స్విచ్ ఎవరు వెయ్యాలని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, చివరికి అత్తయ్య వచ్చి వేసేసింది. గుయ్ లేదు నాన్నా. కాంగో గిటారు అలా వచ్చి గదిలో నిలబడింది. మామ కాసేపు విని, "అక్క ఉంటే ఈపాటికి గెంతేది" అని మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు నిషిమా రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మీకొక మాట చెప్పాలి. మీరు ఊఁ అని ఉంటే ఎండోలా సామాను పెట్టేసేదాన్నే, మాటిచ్చాను కదా. పెట్టి ఆ ఉత్తరంతోనే మీకు రాయడం మానేసేదాన్నేమో. భయమేసింది.

మామ జవాబు ఇదీ: "ముసలి వానకి చెప్పు, నేను చిన్న చేపలు తినను, పెద్దది వండించమను. నాకు కిటికీ పక్క మంచం కావాలి. ఒళ్ళో పెట్టుకొస్తాను గాని అక్కడ దాన్ని తడి చేత్తో ముట్టుకుంటే వెనక్కి తీసుకొచ్చేస్తా." సెలవు పెట్టాడు. నిన్నటి నుంచి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు, చేసిందే మళ్ళీ చేస్తున్నాడు. సెట్టు స్పీకరు బాక్సులు మాత్రం బస్సు పైన వస్తాయి. ఆయనకి దారిలో నీళ్ళు తాగమని చెప్పేవాళ్ళు ఉండరు, దిగగానే మీరు ఇవ్వండి.

చొంబా.


ఎంపులుంగు,
జూన్.

నా తల్లికి,

వచ్చాడు! దుమ్ము కొట్టుకుపోయి, కాళ్ళు తిమ్మిరెక్కి దిగలేక, ఒళ్ళో మూట వదలకుండా వచ్చాడు. డ్రైవరు చెప్పాడు, దారి పొడుగునా పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదట, "బిడ్డ నిద్రపోతోంది" అన్నాడట. నేను మూట అందుకోబోతే "ముందు చేతులు కడుక్కో బావా" అన్నాడు. నా రేవులో! నా చేతులు! కడుక్కున్నాను.

సెట్టు ఎలా ఉందో ఏం రాయను? దాని మొహం చూసి ఏడ్చేశాను, వాడు అటు తిరిగి నిలబడ్డాడు. నీ చెయ్యి పడ్డ సంగతి వింటేనే తెలుస్తోంది. మా రేవు సరస్సుకి అవతలి స్టేషన్లన్నీ వస్తున్నాయి, ఎప్పుడూ విననివి కూడా. గోదాము మొత్తం మా వరండాలోనే ఉంది. వచ్చినవాళ్ళకి మీ మామ, "ఇది మా అమ్మాయి చేసింది" అంటాడు. నేను "మా అమ్మాయి" అంటాను. వాడు "అదే, మా అమ్మాయి" అంటాడు. ప్రతివాడితో ఇదే గొడవ. చేపలామెకి విసుగొచ్చి "ఆ పిల్లకి మీరిద్దరూ కలిసి ఒక్క నాన్నన్నా అవుతారా?" అంది.

నేను మారిపోయాననుకోకు. వాడు ఆ రాగి నాబు రెండు వేళ్ళతో మెల్లగా తిప్పడం చూస్తే నాకిప్పటికీ లోపల గుచ్చుకుంటుంది. నువ్వు చిన్నప్పుడు నిద్రలో ఏమనేదానివో వాడికి తెలుసు, నాకు తెలీదు. అడిగి చెప్పించుకుంటున్నాను. ఒకేసారి చెప్పడు దొంగ, రోజుకింత చెప్తాడు. మీ అమ్మ నడుం తిప్పిన సంగతి నేనూ అలాగే ఊరించి ఊరించి చెప్పాను. "మా అక్క అంతమాట అందా!" అని నాకేసి గుర్రుగా చూశాడు. వాడికీ గుచ్చుకుంది. బాగా అయింది.

ఇప్పుడు నీతో పని పడింది, వెంటనే జవాబు రాయి. పొద్దుటి నుంచి సెట్టు మోగుతూనే ఉంది, ఇద్దరికీ చెవులు నొప్పెడుతున్నాయి. నేను ఆపడానికి లేస్తే "దానికి పద్ధతుంది, నీకు తెలీదు కూర్చో" అంటాడు. వాడు లేస్తే "నా ఇంట్లో నా సెట్టు, కూర్చో" అంటున్నాను నేను. స్విచ్ ఎవరు కట్టెయ్యాలో నువ్వే తేల్చాలి. నీ ఉత్తరం వచ్చేదాకా ఇద్దరం దాని ఎదురుగా కూర్చునే ఉంటాం.

మీ నాన్న.
(పక్కన కూర్చుని తప్పులు దిద్దుతున్నవాడు మీ మామ.)